చెరువుకు అలుగు లేకపోతే?

గ్యాసు కట్టేసి, ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా నడిచాక 'ఇంతకీ గ్యాసు కట్టానా?' అని మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా? వచ్చే ఉంటుంది. వెనక్కి వచ్చి చూసే ఉంటారు. కట్టే ఉంటుంది. 'అమ్మయ్య' అనుకుని మళ్ళీ బయల్దేరి ఉంటారు.

ఇందులో తప్పేమీ లేదు. ఇల్లు చూసుకునేవాళ్ళకి ఆ మాత్రం జాగ్రత్త ఉండాల్సిందే. కానీ ఆ 'అమ్మయ్య' ఉంది చూశారూ, అది మహా రుచిగా ఉంటుంది. ఒకసారి మరిగామా, మళ్ళీ మళ్ళీ కావాలనిపిస్తుంది. నేను దానికి ఎలా మరిగానో, దానికి 'ఆరోగ్యం మీద శ్రద్ధ' అని పేరు పెట్టుకుని ఎంత మురిసిపోయానో, చివరికి అది మా ఇంట్లో ఏం చేసిందో ఇవాళ మీతో చెప్పుకోవాలనుకుంటున్నాను. చదివాక 'అయ్యో, ఇది మా ఇంటి సంగతే' అని మీలో కొందరైనా అంటారని నాకు గట్టి నమ్మకం.

మాది మేడ్చల్. 2018లో మావారికి షుగరు బయటపడింది. ఆ రోజుల్లో ఏ పేరంటానికి వెళ్ళినా ఆహార నియమాల కబుర్లే కదా! మంతెన సత్యనారాయణరాజు గారు చెప్పే ఉప్పూ నూనే లేని వంటలు మొదట చేశాను. నాలుగు వారాలు కాకుండానే వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి గురించి విన్నాను. అందులో కొవ్వు ఎక్కువ, అన్నమూ చపాతీ బంద్. నిన్నటిదాకా నూనె చుక్క పడని మూకుట్లోనే నూనె గిన్నెడు పోశాను. అదీ కొన్నాళ్ళే. తరువాత ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు. కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు... అయిదు డబ్బాలు కొని పేర్లు రాసి అంటించాను.

ఆ పెద్దలను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదండీ. వారి మాట విని బాగుపడ్డామనేవాళ్ళు ఎందరో ఉన్నారు. సిరిధాన్యాల కృషికే ఖాదర్ వలీ గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. తప్పు నా తొందరది. ఏ పద్ధతినీ నిలకడగా మూడు నెలలు చేయలేదు. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది, నాకు అప్పుడు కావలసింది ఆయన షుగరు తగ్గడం ఒక్కటే కాదు. 'ఇలా చెయ్యమ్మా, ఇక మీ ఇంటికి ఏమీ కాదు' అని ఎవరో ఒకరు నాకు మాటివ్వడం. ఆ మాట ఎవరిస్తారు చెప్పండి?

తరువాత 2020. కరోనా. మాకు దగ్గర్లోనే, శామీర్‌పేట దాటాక తుర్కపల్లి వైపున్న జీనోమ్ వ్యాలీలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కోవాగ్జిన్ టీకా కోసం కష్టపడుతుంటే, ఇక్కడ నేను నా వంతుగా రోజుకి మూడు పూటలా కషాయం కాచాను. మిరియాలు, శొంఠి, దాల్చినచెక్క, తులసి. ఎవరో చెప్పారని అతిమధురం కూడా. అతిమధురం ఎక్కువైతే బి.పి. పెరుగుతుందని తరువాత ఎప్పుడో తెలిసింది! వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ కొన్నాను. చూసిన ప్రతిసారీ 98. అయినా గంటకోసారి చూసేదాన్ని. పాలబ్బాయి వేలు కూడా వదల్లేదంటే నమ్మండి.

2022లో అసలు దెబ్బ తగిలింది. మావారికి గుండె నొప్పి వచ్చింది, స్టెంటు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు చెప్పింది నాలుగే నాలుగు మాటలు. మందులు మానకండి, ఉప్పూ నూనే తగ్గించండి, రోజూ నడవండి, సిగరెట్టు ముట్టుకోవద్దు. అంతే. ఆ నాలుగు మాటల్ని నేను నలభై చేశాను.

పెద్ద సైజు నోటుపుస్తకం కొని స్కేలుతో గీతలు కొట్టాను. బి.పి. మూడు పూటలా. షుగరు. నాడి. ఎన్ని అడుగులు నడిచారు. ఎంతసేపు నిద్రపోయారు. ఉప్పు ఎంత. అన్నీ బాగుంటే పక్కన ఎర్ర ఇంకుతో టిక్కు. అడుగులు లెక్కపెట్టే వాచీ ఆయన చేతికి కట్టాను. రోజుకి పదివేలు పూర్తి కావాల్సిందే. కండ్లకోయ ఆక్సిజన్ పార్కులో నడిచి వచ్చాక తొమ్మిది వేలే అయితే, మిగిలిన వెయ్యీ మా హాల్లో సోఫా చుట్టూ తిరిగేవారు పాపం.

బి.పి. 124 వస్తే ఆ పూట నాకు పండగ. 138 వస్తే గుండెలో రాయి పడేది. 'ఉండండి, మళ్ళీ చూద్దాం' అనేదాన్ని. 142. మళ్ళీ. 146. నా మొహం చూసి ఆయనకు కంగారు, ఆయన కంగారు మిషన్‌లో అంకె, ఆ అంకె చూసి నాకు ఇంకా కంగారు. అసలు బి.పి. చూసే పద్ధతి అది కాదట. అయిదు నిమిషాలు వీపు ఆనించి ఊరికే కూర్చోవాలి, మాట్లాడకూడదు, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి రాసుకోవాలి. మేం చేసింది బి.పి. చూడడం కాదు, బి.పి. పెంచడం.

నిరుడు ఒక ఆదివారం మా ఆడబిడ్డ మొక్కు తీర్చుకుంటానని శామీర్‌పేట చెరువు దగ్గరి కట్టమైసమ్మకు బోనం చేసింది. వాళ్ళది శామీర్‌పేటే. మేమూ వెళ్ళాం. మావారి తిండి విడిగా స్టీలు డబ్బాలో పట్టుకెళ్ళాను, ఉప్పులేని పప్పూ కొర్రన్నమూ. అంత పండగలో ఆయన మూల కూర్చుని ఆ డబ్బా మూత తీయడం ఇప్పటికీ కళ్ళముందు ఉంది.

వంటింట్లో వదిన గిన్నెలు సర్దుతూ మామూలుగా అడిగింది. "తమ్మునికి ఛాతిల బరువు తగ్గిందా? మంగళారం ఈడికొచ్చి గంటసేపు గట్లనే కూసున్నడు. దవఖానకు పోరా అంటే, అదే తగ్గుతది అన్నడు. పదివేలు గాలేదని మళ్ళ లేసి కట్ట మీద తిరగవోయిండు. నీకు చెప్పిండు గదా?"

నాకు చెప్పలేదు.

నా చేతిలో గిన్నె ఉందో జారిపోయిందో కూడా తెలియలేదు. బయటికి వచ్చి ఆయన్ని పక్కకు పిలిచి అడిగాను. "ఏమండీ, నాకెందుకు చెప్పలేదు?" అరుస్తారనుకున్నాను. అరవలేదు. నెమ్మదిగా అన్నారు.

"చెప్తే ఏం జేస్తవు? పుస్తకం తీస్తవు. గంటకోసారి పట్టీ చుడతవు. రాత్రంతా నువ్వు నిద్రపోవు, నన్ను పోనియ్యవు. నొప్పికి నేను అంత భయపడలే. నీ మొకం చూసుడే నాకు భయమైతుంది."

అక్కణ్ణించి అటే ఆస్పత్రికి వెళ్ళాం. ఇ.సి.జి. తీశారు, రక్తం పరీక్ష చేశారు, స్కానింగ్ చేశారు. దేవుడి దయవల్ల కొత్త అడ్డేమీ లేదు. ఒక మందు మోతాదు పెంచారు. నేను అలవాటుగా సంచిలోంచి నా పుస్తకం తీసి డాక్టరు గారి ముందు పెట్టాను. ఆయన చాలా పేజీలు తిప్పి, "అమ్మా, ఇందులో మొన్న మంగళవారం ఎక్కడుంది?" అన్నారు.

తీసి చూపించాను. పొద్దున 126, మధ్యాహ్నం 128, రాత్రి 124. అడుగులు 10,240. ఉప్పు లేదు. నిద్ర బాగుంది. పక్కన ఎర్ర ఇంకుతో టిక్కు.

ఆయన గుండెలో బరువుతో తిరిగిన రోజు అది. నా పుస్తకంలో అది మంచి రోజు.

డాక్టరు గారు నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ టిక్కు చూసి నేను ఎంత ఏడ్చానో నాకే తెలుసు. ప్రమాదాన్ని ముందే పట్టుకోవాలని పెట్టిన పుస్తకం అది. ఆ పుస్తకానికి భయపడే కదా ఆయన ప్రమాదాన్ని నా దగ్గర దాచింది!

ఆ తరువాత ఈ విషయం గురించి కొంత చదివాను, కొందరిని అడిగాను. నాకు తెలిసింది మీకూ చెబుతాను.

మొదట మన గ్యాసు పొయ్యి సంగతి. 2003లో నెదర్లాండ్స్ దేశంలో వాన్ డెన్ హౌట్, కింట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కంప్యూటరు తెర మీద గ్యాసు పొయ్యి బొమ్మ పెట్టి, విద్యార్థుల చేత దాన్ని వెలిగించి ఆర్పించి, ఆరిందో లేదో మళ్ళీ మళ్ళీ చూడమన్నారు. చూసినకొద్దీ నమ్మకం పెరగాలి కదా? పెరగలేదు. వాళ్ళ జ్ఞాపకం సరిగానే ఉంది గానీ, దాని మీద వాళ్ళకు నమ్మకం తగ్గిపోయింది. అంటే పదిసార్లు చూసినవాళ్ళకే 'నిజంగా చూశానా?' అని ఎక్కువ అనుమానం! గోకినకొద్దీ దురద పెరిగినట్టు. గోకినప్పుడు ఒక్క క్షణం హాయిగానే ఉంటుంది. ఆ హాయే మనల్ని మళ్ళీ గోకిస్తుంది.

ఇక పదివేల అడుగులు. అది ఏ డాక్టరో లెక్కకట్టి చెప్పిన అంకె అనుకునేదాన్ని. కాదట. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకు కట్టుకునే అడుగుల మీటరు అమ్మకానికి పెట్టి, దానికి 'మాన్‌పోకే' అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటరు అని దాని అర్థం. వినడానికి గుండ్రంగా ఉంది కాబట్టి లోకమంతా పాకింది. 2019లో అమెరికాలో వయసు మళ్ళిన ఆడవాళ్ళ మీద చేసిన పరిశీలనలో, రోజుకి 4,400 అడుగులు నడిచేవాళ్ళకే బాగా తక్కువ నడిచేవాళ్ళకన్నా ఎంతో మేలు కనిపించింది. సుమారు 7,500 దాటాక అదనపు మేలు పెద్దగా కనిపించలేదు. మావారు సోఫా చుట్టూ తిరిగిన ఆ చివరి వెయ్యి అడుగులు ఎవరి కోసమంటారు? నా పుస్తకంలో గడి నిండడం కోసం.

ఉప్పు సంగతీ అంతే. 'తగ్గించండి' అన్నారు గానీ 'అసలు వద్దు' అని డాక్టరు గారు అనలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దవాళ్ళకు రోజుకి అయిదు గ్రాముల లోపు, అంటే అన్ని వంటకాలూ పచ్చళ్ళూ కలిపి ఒక చెంచాకు మించకుండా. మంచి తిండి మీద పట్టుదలే ముదిరి మనిషిని కుంగదీసే స్థితి ఒకటుందని 1997లోనే స్టీవెన్ బ్రాట్‌మన్ అనే అమెరికన్ డాక్టరు రాశారు. దానికి 'ఆర్థోరెక్సియా' అని పేరు పెట్టారు. తింటున్నది మంచి ఆహారమే. తినిపిస్తున్నది భయం.

అయితే జాగ్రత్తకూ భయానికీ తేడా తెలిసేదెలా? పైకి రెండూ ఒకేలా ఉంటాయి. అదే నడక, అదే కొర్రన్నం, అదే బి.పి. మిషన్. నాకు తోచిన పరీక్ష ఒకటి చెబుతాను. ఆ అలవాటు తప్పిపోయిన రోజు మీకెలా ఉందో చూసుకోండి. వాన వల్ల నడక కుదరకపోతే 'సరేలే, రేపు నడుద్దాం' అనిపించిందా, అది ఆరోగ్యం కోసం చేస్తున్న అలవాటు. 'అయ్యో, ఇవాళ తప్పింది, ఏదో అవుతుంది' అని కడుపులో తిప్పిందా, అది భయం కోసం చేస్తున్న అలవాటు. ఇంకో పరీక్ష కూడా ఉంది. మీ శ్రద్ధ వల్ల ఇంట్లోవాళ్ళు మీతో ఎక్కువ చెబుతున్నారా, తక్కువ చెబుతున్నారా?

తరువాత ఒక సాయంత్రం వదినతో కలిసి శామీర్‌పేట చెరువు కట్ట మీద కూర్చున్నాను. వాళ్ళ అత్తగారి వాళ్ళది ఒకప్పుడు ఆ చెరువు కింది వ్యవసాయమే. జరిగిందంతా చెప్పుకుని, "ఆయన్ని కాపాడుకుందామనే కదా వదినా చేశాను" అన్నాను. ఆమె చెరువు వైపు చూపించి అంది. "కట్ట ఎంత గట్టిగ పోస్తే మాత్రం? అలుగు పెట్టకుంటే ఏమైతది? నీళ్ళు ఎక్కువైనయంటే కట్టనే తెంపుకొని పోతయి. అందుకే పెద్దలు కట్ట పోసినంక అలుగు పెట్టిన్రు. అటెనుక మైసమ్మను పెట్టిన్రు. మా పని మేం చేసినం, ఇగ నువ్వు సూడు తల్లీ అని."

ఎన్నోసార్లు చూసిన చెరువే. ఈ మాట మాత్రం అప్పుడే చెవికెక్కింది. కట్ట పోయడం మానమని కాదు. మందులు కట్ట, నడక కట్ట, మంచి తిండి కట్ట. కట్ట ఉండాల్సిందే. మన చేతిలో లేని నీళ్ళు కొన్ని ఎప్పుడూ వస్తాయి. వాటికి ఒక దారి వదలాలి.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నామో చెబుతాను, మీకు పనికిరావచ్చు. బి.పి. డాక్టరు గారు చెప్పినట్టు, చూపించుకోవడానికి వెళ్ళే ముందు వారం రోజులు పొద్దునా సాయంత్రమూ చూస్తాం. మిగతా రోజుల్లో మిషన్ బీరువాలో ఉంటుంది. పుస్తకం ఆయన చేతికే ఇచ్చాను. ఒంట్లో ఎలా ఉందో రాయాల్సింది ఆయనే కదా! మాత్రలు ఏడు రోజుల అరల డబ్బాలో ఆదివారం సర్దుకుంటారు. నేను 'వేసుకున్నారా' అని అడగను, అర ఖాళీగా ఉందో లేదో రాత్రి ఒక్కసారి చూస్తాను. వంటలో ఉప్పు తగ్గించాను గానీ, ఇద్దరం ఒకే కూర తింటున్నాం. చేతి వాచీ మనవడు ఆడుకోవడానికి తీసుకుపోయాడు.

మరి నా భయం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. దానికీ ఒక వేళ పెట్టాను. బోర్కొవెక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో పరీక్షించి చెప్పిన పద్ధతి అది. రోజూ ఒకే సమయంలో, ఒకే చోట, అరగంట దిగులు పడడానికి కేటాయించుకోవాలి. మిగతా వేళల్లో దిగులు వస్తే 'నీ టైము ఇంకా కాలేదు' అని వాయిదా వెయ్యాలి. నాది సాయంత్రం నాలుగు గంటలకు, పెరట్లో రుబ్బురోలు పక్కన. మొదట్లో నవ్వొచ్చింది. తీరా చేసి చూస్తే, పొద్దున కొండంత కనిపించిన దిగులు నాలుగింటికి చాలాసార్లు గుర్తే ఉండడం లేదు. మంచం మీద, వంటింట్లో మాత్రం దిగులు పడకూడదు. అది నియమం.

ఒక మాట మాత్రం మరిచిపోకండి. ఆర్నెల్లుగా చాలా రోజులు ఇదే దిగులు వెంటాడుతుంటే, నిద్ర పట్టకపోతే, గుండె దడదడలాడుతుంటే, ఇంటి పని సాగకపోతే, 'నాకే ఎందుకిలా' అని లోపల కుమిలిపోవద్దు. అది మీ బలహీనత కాదు, వైద్యం ఉన్న జబ్బు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. హైదరాబాదులో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పేరు వినగానే జంకకండి, దిగులుకూ అక్కడ వైద్యం చేస్తారు. అలాగే స్టెంటు వేసినవాళ్ళకు, ఆమాటకొస్తే ఎవరికైనా సరే, ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం కనిపిస్తే అంకెలు చూస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోను చెయ్యండి.

మొన్నొక పొద్దున ఇడ్లీ ప్లేటు పెడుతుంటే మావారు తనంతట తనే అన్నారు. "ఏమే, నిన్నట్నుంచి మెట్లెక్కుతుంటే జెర ఆయాసంగా ఉంది." నా చెయ్యి బీరువా వైపు లాగింది. నిజం చెబుతున్నాను, లాగింది. ప్లేటు బల్ల మీద పెట్టి, ఆయన పక్కన కుర్చీలో కూర్చుని, "నిన్న ఎప్పట్నుంచి?" అన్నాను. ఆయన చెప్పారు. నేను విన్నాను. పై వారం వెళ్ళాల్సిన డాక్టరు దగ్గరికి ఆ గంటలోనే బయల్దేరాం. పెద్దగా ఏమీ లేదన్నారు, మందులు కొంచెం మార్చారు.

తిరిగి వస్తూ ఆలోచిస్తే, రెండేళ్ళ పుస్తకం చెప్పలేని సంగతి ఆ పొద్దున ఒక్క మాటలో తెలిసింది. ఎందుకంటే ఆ మాట నాతో చెప్పడానికి ఆయన ఈసారి భయపడలేదు.

మరి మీ ఇంట్లో? మిమ్మల్ని కంగారు పెట్టడం ఎందుకని మీవారో, పిల్లలో, అత్తగారో దాచుకుంటున్న మాట ఏదైనా ఉందేమో. ఇవాళ మిషన్లూ లెక్కలూ పక్కన పెట్టి, కాసేపు ఊరికే వాళ్ళ పక్కన కూర్చుని చూడండి.